మన వార్డు ఎన్నిక, మన ఊరి బడ్జెట్: తరచుగా అడిగే ప్రశ్నలు

మా కాలనీ సంఘంలో కొన్నేళ్లుగా ఓటరు జాబితాల పని చూస్తున్నాను. నోటిఫికేషన్ వస్తుందనగానే ఫోన్లు మొదలవుతాయి. ఎన్నికలు అయిపోయాక, మోరీ పొంగినప్పుడో రోడ్డు తవ్వి వదిలేసినప్పుడో ఇంకో విడత ఫోన్లు వస్తాయి. చాలామందికి నేను చెప్పాల్సి వచ్చే మాట ఒకటే: "రెండు నెలల ముందు అడిగి ఉంటే అయ్యేది." అందుకే ఏ పని ఏ సమయంలో చేయాలో తెలిసేలా ఈ సమాధానాలు రాశాను. ఇవి ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పట్టణాలకు సంబంధించినవి. పంచాయతీల్లో తేడా ఉన్నచోట విడిగా చెప్పాను.

## జాబితాలో పేరు చూసుకునే దశ

అసెంబ్లీకి ఓటు వేశాను. మున్సిపల్ ఎన్నికకు మళ్లీ నమోదు చేసుకోవాలా?

అక్కర్లేదు, కానీ పేరు ఏ వార్డులో పడిందో తప్పకుండా చూసుకోవాలి. అసెంబ్లీ, లోక్‌సభ ఎన్నికలు జరిపేది కేంద్ర ఎన్నికల సంఘం. మున్సిపాలిటీలు, పంచాయతీల ఎన్నికలు జరిపేది రాష్ట్ర ఎన్నికల సంఘం. రెండూ వేర్వేరు సంస్థలు. రాష్ట్ర సంఘం అసెంబ్లీ జాబితానే తీసుకుంటుంది, దాన్ని వార్డులవారీగా విడగొడతారు. తప్పులు జరిగేది ఈ విడగొట్టే దగ్గరే. గత మున్సిపల్ ఎన్నికల్లో మా అమ్మ పేరు పక్క వార్డులో పడింది. ఒకే ఇల్లు, ఒకే తలుపు నంబరు, నా పేరు ఒక వార్డులో, ఆమె పేరు ఇంకో వార్డులో. మోకాళ్ల నొప్పులతో ఆమె రెండు స్కూళ్లు తిరిగి, చివరికి తనకు ముఖమైనా తెలియని అభ్యర్థుల మధ్య ఎంచుకోవాల్సి వచ్చింది. ముసాయిదా వచ్చినప్పుడు నేను ఇంట్లో అందరి పేర్లూ చూసి ఉంటే ఆ తిరుగుడు తప్పేది.

ముసాయిదా జాబితా అంటే ఏంటి? ఎక్కడ దొరుకుతుంది?

తుది జాబితా ఖాయం చేసే ముందు జనం చూసి తప్పులు చెప్పడానికి పెట్టే జాబితా అది. మున్సిపల్ ఆఫీసు గోడ మీద, వార్డు ఆఫీసుల్లో అంటిస్తారు. రాష్ట్ర ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లోనూ పెడతారు. అభ్యంతరాలకు ఇచ్చే గడువు కొద్ది రోజులే. ఆ రోజుల్లో పేపరులో జిల్లా పేజీ చదవండి, వార్త అక్కడే వస్తుంది. వెళ్లేటప్పుడు ఓటరు కార్డు జిరాక్సు, ఆస్తి పన్ను రసీదు లేదా కరెంటు బిల్లు వెంట ఉంచుకోండి. "మా ఇల్లు ఫలానా వార్డులో ఉంది, పేరు వేరే వార్డులో ఉంది" అని కాగితం మీద రాసిచ్చి, ఇంకో కాపీ మీద అందినట్టు సంతకం, తేదీ వేయించుకోండి. నోటిమాటగా చెప్పి వచ్చిన అభ్యంతరానికి ఏ ఆధారమూ ఉండదు.

జాబితాలో అసలు పేరే లేదు. ఇప్పుడు ఏం చేయాలి?

ముందు అసెంబ్లీ జాబితాలో చేరాలి. దానికి ఫారం-6. కేంద్ర ఎన్నికల సంఘం యాప్‌లో చేయొచ్చు, లేదా మీ బూత్ స్థాయి అధికారికి ఇవ్వొచ్చు. సందేహం ఉంటే 1950 నంబరుకు ఫోన్ చేయండి. 18 ఏళ్లు నిండినవారు జనవరి 1 దాకా ఆగాల్సిన పని ఇప్పుడు లేదు. జనవరి 1, ఏప్రిల్ 1, జులై 1, అక్టోబరు 1, ఈ నాలుగు తేదీల్లో దేనికి వయసు నిండినా ఆ విడతలో చేరొచ్చు. ఇంట్లో ఇంటర్ అయిపోయిన పిల్లలుంటే కాలేజీ అడ్మిషన్ల హడావుడితో పాటు ఈ పనీ చేసేయండి. నోటిఫికేషన్ వచ్చాక పరుగెత్తితే దరఖాస్తు పరిశీలన పూర్తయ్యేలోపే పోలింగ్ అయిపోతుంది.

అద్దెకు ఉంటున్నాం. ఓటు సొంతూళ్లోనే ఉంచుకోవాలా, ఇక్కడికి మార్చుకోవాలా?

మీరు మామూలుగా ఎక్కడ నివసిస్తారో అక్కడ ఓటు ఉండాలని చట్టం చెబుతుంది. అద్దె ఇల్లు అడ్డం కాదు. ఫారం-8 ఇస్తే పాత చోటి నుంచి కొత్త చోటికి మారుతుంది. రెండుచోట్లా ఉంచుకోవడం నేరం. రోజూ తాగే నీళ్లు, నడిచే రోడ్డు, పిల్లలు ఆడుకునే పార్కు ఈ ఊరివైతే ఓటు ఇక్కడ ఉండటమే న్యాయమని నా అభిప్రాయం. బెంగళూరులోనో చెన్నైలోనో స్థిరపడిన మనవాళ్లకూ ఇదే చెబుతాను.

మా బూత్‌లో చనిపోయినవాళ్ల పేర్లు ఇంకా ఉన్నాయి. ఎవరికి చెప్పాలి?

ఫారం-7 ఇవ్వండి. అదే అసెంబ్లీ నియోజకవర్గంలో ఓటరైన ఎవరైనా ఇవ్వొచ్చు. మరణ ధ్రువపత్రం జిరాక్సు జతచేస్తే పని త్వరగా అవుతుంది. ఊరు విడిచిపోయినవారి విషయంలో మాత్రం తొందరపడొద్దు. పనికోసం నాలుగు నెలలు బయటికి వెళ్లిన కూలీ కుటుంబాన్ని "లేరు" అని రాసేస్తే, వాళ్ల హక్కు మన చేతులతో తీసేసినట్టే.

అమెరికాలో ఉంటున్నాను. మా ఊరి ఎన్నికలో ఓటు వేయొచ్చా?

భారత పౌరసత్వం ఉంటే ఫారం-6ఏ ద్వారా పాస్‌పోర్టులో ఉన్న చిరునామాకు నమోదు కావచ్చు. కానీ ఓటు వేయాలంటే పోలింగ్ రోజు స్వయంగా రావాలి. రాలేకపోయినా, ఇక్కడి ఇంటికి పన్ను కడుతున్న పౌరుడిగా సమాచార హక్కు దరఖాస్తు పెట్టొచ్చు, బడ్జెట్ మీద సూచనలు రాయొచ్చు.

## నోటిఫికేషన్‌కు ముందు

పాలకవర్గం గడువు అయిపోయింది. ఎన్నిక ఎందుకు పెట్టడం లేదు?

రాజ్యాంగం ప్రకారం స్థానిక సంస్థల పదవీకాలం 5 ఏళ్లు. అది ముగిసేలోపే ఎన్నిక జరగాలి. 1993లో అమల్లోకి వచ్చిన 73, 74వ సవరణల్లో ఇది స్పష్టంగా ఉంది. గడువు దాటనివ్వొద్దని సుప్రీంకోర్టు 2006లో కిషన్‌సింగ్ తోమర్ కేసులో గట్టిగా చెప్పింది. అయినా వార్డుల విభజన, రిజర్వేషన్ల లెక్క, కోర్టు కేసులు, ఇలా ఏదో ఒకటి అడ్డొస్తుంది. తెలంగాణలో సర్పంచుల పదవీకాలం 2024 ఫిబ్రవరి మొదట్లోనే ముగిసినా, పంచాయతీ ఎన్నికలు జరిగింది 2025 డిసెంబరులో. ఆ మధ్య కాలమంతా ప్రత్యేక అధికారులదే పాలన. ఒక్కో అధికారికి నాలుగైదు ఊళ్లు అప్పగిస్తే బోరు చెడిందని చెప్పుకోవడానికి కూడా మనిషి దొరకడు. పైగా ఎన్నికైన పాలకవర్గం లేకపోతే కేంద్ర ఆర్థిక సంఘం నిధులు ఆగిపోతాయి. గడువు ముగియడానికి ఆరు నెలల ముందే కాలనీ సంఘాలు కలిసి రాష్ట్ర ఎన్నికల సంఘానికి వినతిపత్రం ఇవ్వాలి. ఆలస్యం కొనసాగితే హైకోర్టుకు వెళ్లే దారి ఉంది. కోర్టు మెట్లెక్కాకే కదిలిన ఎన్నికలు మన రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి.

మా వార్డు హద్దులు మార్చేశారు. ఇప్పుడు అడ్డుచెప్పొచ్చా?

ముసాయిదా విభజన ప్రకటించినప్పుడే చెప్పాలి. ఎన్నిక ప్రక్రియ మొదలయ్యాక హద్దుల విషయంలో కోర్టులు సాధారణంగా జోక్యం చేసుకోవు. రాజ్యాంగంలో అలాంటి నిబంధనే ఉంది. అభ్యంతరం రాసేటప్పుడు "మా వార్డు మారొద్దు" అని రాస్తే పక్కన పడేస్తారు. "ఫలానా నాలా రెండు వార్డుల మధ్య సహజమైన హద్దు, దాన్ని దాటి ఇన్ని ఇళ్లు అటు కలిపారు, అందువల్ల జనాభా తేడా ఇంత వచ్చింది" అని మ్యాపు గీసి చూపించండి.

ఈసారి మా వార్డు మహిళకు రిజర్వ్ అయింది. ఎలా నిర్ణయిస్తారు?

ఎస్సీ, ఎస్టీలకు జనాభా నిష్పత్తిని బట్టి సీట్లు కేటాయిస్తారు, బీసీలకూ కోటా ఉంటుంది. రాజ్యాంగం మహిళలకు కనీసం మూడో వంతు అంది. మన రెండు రాష్ట్రాల్లో సగం ఇస్తున్నారు. ఏ వార్డు ఎవరికన్నది రొటేషన్‌లో మారుతుంది. మొత్తం రిజర్వేషన్లు 50 శాతం దాటకూడదన్నది సుప్రీంకోర్టు పెట్టిన గీత. తెలంగాణ ప్రభుత్వం బీసీలకు 42 శాతం ఇస్తూ 2025 సెప్టెంబరులో ఇచ్చిన జీవోను అక్టోబరులో హైకోర్టు నిలిపివేసింది కూడా ఈ నేపథ్యంలోనే.

మహిళా రిజర్వేషన్ గురించి ఒక్క మాట. గెలిచిన కౌన్సిలరమ్మ ఇంటికి వెళ్లి "సార్ లేరా అమ్మా?" అని ఆమె భర్తను అడగడం మానేయండి. వినతిపత్రం ఆమె చేతికివ్వండి. జవాబు ఆమెనే అడగండి. ఇలా వార్డు జనం పట్టుబట్టినచోట ఏడాది తిరిగేసరికి కౌన్సిల్‌లో ఆమే లేచి మాట్లాడటం నేను కళ్లారా చూశాను.

## పోటీ, ప్రచారం

నేనే పోటీ చేయాలనుకుంటున్నాను. ఏమేం కావాలి?

21 ఏళ్లు నిండాలి. ఆ మున్సిపాలిటీలో ఏదో ఒక వార్డులో ఓటు ఉండాలి. మీరు పోటీ చేసే వార్డులోనే ఉండక్కర్లేదు, కానీ మిమ్మల్ని ప్రతిపాదించేవారి ఓటు మాత్రం ఆ వార్డులోనే ఉండాలి. ప్రభుత్వ ఉద్యోగం, మున్సిపాలిటీతో కాంట్రాక్టు ఉంటే కుదరదు. ఆస్తి పన్ను, నీటి బిల్లు బకాయిలు ముందే కట్టేసి రసీదులు దగ్గర పెట్టుకోండి. కేసులు, ఆస్తులు, అప్పులు, చదువు వివరాలతో స్వీయ ప్రకటన ఇవ్వాలి. ఏ గడీ ఖాళీగా వదలొద్దు. ఏమీ లేకపోతే "లేదు" అని రాయండి. ఖాళీ గడుల వల్ల స్క్రూటినీ (నామినేషన్ల పరిశీలన) రోజు టెన్షన్ పడినవాళ్లు చాలామంది ఉన్నారు. ఇద్దరికి మించి పిల్లలుంటే అనర్హత అనే నిబంధనను ఆంధ్రప్రదేశ్ 2024 నవంబరులో రద్దు చేసింది.

పార్టీ టికెట్ లేకుండా గెలవడం సాధ్యమేనా?

సర్పంచి ఎన్నికలు పార్టీ గుర్తులు లేకుండానే జరుగుతాయి. మున్సిపాలిటీల్లో పార్టీలదే జోరు. అయినా చిన్న మున్సిపాలిటీల్లో వార్డుకు ఓట్లు తక్కువ, ప్రతి ఇంటికీ రెండుసార్లు వెళ్లి మాట్లాడే వీలుంటుంది. ఇండిపెండెంట్లు గెలిచేది అలాంటి చోట్లే. పెద్ద కార్పొరేషన్ డివిజన్‌లో ఒక్కరే తిరిగి గెలవడం చాలా కష్టం. అక్కడ నిలబడాలంటే ఏడాది ముందు నుంచే నలుగురైదుగురు బృందంగా పని మొదలుపెట్టాలి.

ఎంత ఖర్చు పెట్టొచ్చు? లెక్క చెప్పాలా?

పరిమితిని రాష్ట్ర ఎన్నికల సంఘం ప్రకటిస్తుంది. 2020 జీహెచ్ఎంసీ (గ్రేటర్ హైదరాబాద్ కార్పొరేషన్) ఎన్నికల్లో అది 5 లక్షలు. అప్పుడు డిపాజిట్ 5,000 రూపాయలు, ఎస్సీ, ఎస్టీ, బీసీలకు 2,500. చెల్లిన ఓట్లలో ఆరో వంతు రాకపోతే డిపాజిట్ పోతుంది. ఫలితాలొచ్చిన 45 రోజుల్లో ఖర్చుల లెక్క ఇవ్వాలి, ఓడిపోయినవారు కూడా. ఇవ్వకపోతే తర్వాత పోటీకి అనర్హులు కావచ్చు. టీ బిల్లు దగ్గర్నుంచి ఏ రోజుది ఆ రోజే రాసుకోండి.

పోటీ చేసే ఓపిక లేదు. అయినా ఏదైనా చేయాలని ఉంది.

ఎంతో అవసరమైన పని, జనం దొరకని పని ఒకటుంది: మీ వీధి ఓటరు జాబితా చేతిలో పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి సరిచూడటం. ఆదివారం ఉదయం మూడు గంటలు చాలు. ఇంకో పని, అభ్యర్థులందరినీ ఒకే అరుగు మీద కూర్చోబెట్టి మాట్లాడించడం. పోయినసారి మా గుడి ముందు షామియానా కింద అలా చేశాం. ముందుగానే ఐదు ప్రశ్నలు రాసి అందరికీ ఇచ్చాం. ఒక్కొక్కరికీ ఏడు నిమిషాలు. మోరీ నీళ్లు చివరికి ఎక్కడ కలుస్తాయని అడిగితే ఆరుగురిలో ఇద్దరికే జవాబు తెలిసింది. ఆ సాయంత్రం చాలామంది మనసు మార్చుకున్నారు.

డబ్బు పంచుతున్నారు. ఫిర్యాదు చేస్తే లాభం ఉంటుందా?

ఇవ్వడం, తీసుకోవడం రెండూ నేరమే. ఫొటో లేదా వీడియో, చోటు, సమయం ఉంటే రిటర్నింగ్ అధికారికి, ఫ్లయింగ్ స్క్వాడ్‌కు, పోలీసులకు పంపండి. ఊరికే "పంచుతున్నారు" అంటే ఎవరూ రారు. ఓటుకు ఇచ్చిన డబ్బును ఐదేళ్ల రోజులకు పంచి చూడండి. రెండు వేలు తీసుకుంటే రోజుకు రూపాయి పది పైసలు కూడా పడదు. ఇది మా వీధిలో ఒక పెద్దావిడ వేసిన లెక్క, నేను ప్రతి ఎన్నికలోనూ అందరికీ చెబుతాను.

## పోలింగ్ రోజు

ఓటరు స్లిప్ రాలేదు. వేయనిస్తారా?

జాబితాలో పేరుంటే వేయనివ్వాలి. స్లిప్ కేవలం దారి చూపించే కాగితం. ఓటరు కార్డు లేకపోతే ఆధార్, డ్రైవింగ్ లైసెన్స్, పాస్‌పోర్టు, ఫొటో ఉన్న బ్యాంకు పాస్‌బుక్ లాంటివి చెల్లుతాయి. వరుస సంఖ్య, బూత్ నంబరు ముందురోజే ఫోన్‌లో రాసిపెట్టుకోండి.

బ్యాలెట్ పేపరా, మెషీనా? ముద్ర తప్పు పడితే?

2020లో జీహెచ్ఎంసీకి, 2021 మార్చిలో ఆంధ్ర పట్టణాలకు బ్యాలెట్ పేపర్లే వాడారు. పంచాయతీల్లో సర్పంచికి గులాబీ రంగు, వార్డు సభ్యుడికి తెల్ల రంగు కాగితం ఇస్తారు. రెండు గడుల మధ్య ముద్ర పడితే ఓటు చెల్లకుండా పోయే ప్రమాదం ఉంది. కాబట్టి గడి మధ్యలోనే వేయండి, సిరా అంటకుండా నిలువుగా మడవండి. కాగితం అందగానే మీ అభ్యర్థి పేరు, గుర్తు సరిగా ఉన్నాయో చూడండి. 2020లో ఓల్డ్ మలక్‌పేట డివిజన్‌లో సీపీఐ అభ్యర్థికి సీపీఎం గుర్తు ముద్రించారు, దాంతో పోలింగ్ ఆపి మళ్లీ పెట్టాల్సి వచ్చింది. అదే ఎన్నికలో నేరేడ్‌మెట్‌లో సిబ్బంది వేరే ముద్ర ఇచ్చిన ఓట్ల వివాదం హైకోర్టు దాకా వెళ్లి, ఫలితం రోజుల తరబడి ఆగింది. ముద్ర మీద ఏమాత్రం అనుమానం వచ్చినా అక్కడికక్కడే ప్రిసైడింగ్ అధికారిని అడగండి.

వెళ్లేసరికి నా ఓటు ఎవరో వేసేశారు!

గొడవపడి వెనక్కి రావద్దు. "టెండర్ ఓటు కావాలి" అని ప్రిసైడింగ్ అధికారిని అడగండి. మీరెవరో రుజువు చూపితే విడిగా బ్యాలెట్ ఇచ్చి కవరులో పెడతారు. మామూలు లెక్కింపులో అది కలవదు. కానీ దొంగ ఓటు పడిందనడానికి అదే రాతపూర్వకమైన సాక్ష్యం.

నా ఒక్క ఓటుతో ఏమవుతుంది?

2009, 2016, 2020, మూడు జీహెచ్ఎంసీ ఎన్నికల్లోనూ ఓటర్లలో సగం మంది కూడా బూత్‌కు రాలేదు. 2020లో వచ్చింది 46 శాతం చిల్లర. ఆ ఎన్నికలోనే బీఎన్ రెడ్డి నగర్ డివిజన్ ఫలితం 32 ఓట్లతో తేలింది. ఒక అపార్ట్‌మెంటులో ఉండేంతమంది. అసెంబ్లీ ఎన్నికలో మీ ఓటు రెండు మూడు లక్షల్లో ఒకటి. వార్డులో అది కొన్ని వేలల్లో ఒకటి.

## ఎన్నికల పద్ధతిలో మార్పులు

మేయర్‌ను మనమే నేరుగా ఎందుకు ఎన్నుకోలేం?

ఒకప్పుడు ఎన్నుకున్నాం. 2002లో హైదరాబాద్ మేయర్‌గా తీగల కృష్ణారెడ్డి ప్రజల ఓటుతో నేరుగా గెలిచారు. ఆ తర్వాత పద్ధతి మార్చారు. ఇప్పుడు కార్పొరేటర్లతో పాటు ఎక్స్ అఫీషియో హోదాలో (తమ పదవి రీత్యా) ఎమ్మెల్యేలు, ఎంపీలు, ఎమ్మెల్సీలు కూడా ఓటేస్తారు. దీన్ని మార్చడానికి రాజ్యాంగ సవరణ అక్కర్లేదు, రాష్ట్ర చట్టం చాలు. అందుకే ఈ కోరికను మీ ఎమ్మెల్యే దగ్గరికి తీసుకెళ్లండి. ఊరంతటికీ ఒక్కరు జవాబుదారీగా ఉండాలంటే ప్రత్యక్ష ఎన్నికే మేలని నేను నమ్ముతాను. మేయర్ ఒక పార్టీ, కౌన్సిల్ మెజారిటీ ఇంకో పార్టీ అయితే పనులు స్తంభిస్తాయన్న వాదనలోనూ నిజం ఉంది. అందుకే ఒక్క ఎన్నిక పద్ధతే మారిస్తే సరిపోదు, మేయర్ అధికారాలేమిటో కూడా చట్టంలో తేల్చాలి.

నోటాకు అందరికంటే ఎక్కువ ఓట్లు వస్తే ఎన్నిక రద్దవుతుందా?

మన దగ్గర కాదు. నోటా తర్వాత ఎక్కువ ఓట్లొచ్చిన అభ్యర్థే గెలుస్తాడు. మహారాష్ట్ర, హర్యానా రాష్ట్ర ఎన్నికల సంఘాలు మాత్రం 2018లో స్థానిక ఎన్నికలకు నిబంధన మార్చాయి. అక్కడ నోటా మొదటి స్థానంలో ఉంటే మళ్లీ ఎన్నిక పెడతారు. పార్లమెంటుతో పనిలేకుండా రాష్ట్ర ఎన్నికల సంఘం స్థాయిలోనే జరిగిన మార్పు అది. మన సంఘాలకూ ఇదే కోరుతూ వినతిపత్రం పంపొచ్చు.

ఫోన్‌లో ఓటు వేసే రోజు వస్తుందా?

2021 అక్టోబరులో ఖమ్మంలో తెలంగాణ ఎన్నికల సంఘం స్మార్ట్‌ఫోన్ ఓటింగ్‌ను నమూనాగా చేసి చూసింది. బిహార్‌లో 2025 జూన్‌లో మున్సిపల్ ఎన్నికల్లో నిజంగానే యాప్ ద్వారా ఓట్లు వేయించారు. మంచం మీదున్న పెద్దవాళ్లకు, వికలాంగులకు ఇది వరమే. కానీ ఇంట్లో ఫోన్ పట్టుకుని ఓటేస్తున్నప్పుడు పక్కన ఎవరు నిలబడి చూస్తున్నారో ఏ యాప్ చెప్పలేదు. నాకు ఆ ఒక్క భయం తీరలేదు.

పనిచేయని కార్పొరేటర్‌ను మధ్యలో దించేయొచ్చా?

ఆంధ్రలో, తెలంగాణలో ఓటర్లకు ఆ హక్కు లేదు. మేయర్, చైర్‌పర్సన్ మీద సభ్యులు పెట్టే అవిశ్వాసం ఒక్కటే ఉంది. మధ్యప్రదేశ్, ఛత్తీస్‌గఢ్ చట్టాల్లో మున్సిపల్ అధ్యక్షులను వెనక్కి పిలిచే ఓటింగ్ ఉంది. 2008లో ఛత్తీస్‌గఢ్‌లో ముగ్గురిని అలా ప్రజలే దించారు.

ఏకగ్రీవం మంచిదే కదా, గొడవలుండవు?

ఊరంతా కూర్చుని, ఎవరినీ బెదిరించకుండా ఒక మనిషిని ఎంచుకుంటే మంచిదే. గుడికి ఇన్ని లక్షలిస్తానన్నవాడికి పదవి వేలం వేస్తే అది ఎన్నిక కాదు, నేరం. నామినేషన్ వేయకుండా అడ్డుకున్నా, బలవంతంగా ఉపసంహరింపజేసినా జిల్లా ఎన్నికల అధికారికి ఫిర్యాదు చేయండి.

## బడ్జెట్, పనులు

మున్సిపల్ బడ్జెట్ ఎప్పుడు తయారవుతుంది? మనం ఎప్పుడు వెళ్లాలి?

ఆర్థిక సంవత్సరం ఏప్రిల్‌లో మొదలవుతుంది. కానీ ముసాయిదా అంతకు ముందు నవంబరు, డిసెంబరుల్లోనే తయారవుతుంది. కార్పొరేషన్లలో కమిషనర్ తయారుచేసింది స్టాండింగ్ కమిటీకి, అక్కడి నుంచి సర్వసభ్య సమావేశానికి వెళుతుంది. 2025-26కు జీహెచ్ఎంసీ పెట్టుకున్న 8,440 కోట్ల బడ్జెట్‌ను కౌన్సిల్ 2025 జనవరి 30న ఆమోదించింది. అంటే ఫిబ్రవరిలో అర్జీ పట్టుకెళ్తే బండి వెళ్లిపోయాక స్టేషన్‌కు చేరినట్టు. దసరా, దీపావళి మధ్యలో మీ వార్డు కోరికలు రాసివ్వండి. నేను కాలనీవాళ్లకు ఇదే పదేపదే చెబుతాను: మోరీ పొంగేది జులైలో, దాన్ని బాగుచేసే డబ్బు అడగాల్సింది అక్టోబరులో.

అర్జీ ఎలా రాస్తే పట్టించుకుంటారు?

ఒక అర్జీలో ఒకే పని. "రోడ్లు బాగుచేయండి" అని కాదు, "ఫలానా ఇంటి నంబరు నుంచి ఫలానా ఇంటి నంబరు వరకు, సుమారు 140 మీటర్లు, మోరీ లేదు, 38 ఇళ్ల నీళ్లు రోడ్డు మీదే పారుతున్నాయి" అని. రెండు ఫొటోలు, ఇంటికొకరి సంతకం. కార్పొరేటర్‌కు ఒకటి, కమిషనర్‌కు ఒకటి, ఆ ఏరియా ఏఈకి (అసిస్టెంట్ ఇంజనీరుకు) ఒకటి ఇవ్వండి. ఎస్టిమేట్ వేసేది ఏఈ. ఎస్టిమేట్ లేని పని బడ్జెట్‌లోకి ఎక్కడం కష్టం. అందుకే ఆయన్ని ఒకసారి వీధికి తీసుకొచ్చి నడిపించండి. తెలంగాణలో ప్రజావాణి, ఆంధ్రలో సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదిక, రెండింటిలోనూ అర్జీకి నంబరు ఇస్తారు. ఆ నంబరు జాగ్రత్త చేసుకోండి.

బడ్జెట్ పుస్తకం చూశాను, ఏమీ అర్థం కాలేదు.

మూడు కాలమ్స్ పక్కపక్కన పెట్టి చూడండి: పోయినేడు అంచనా, పోయినేడు నిజంగా ఖర్చయింది, ఈ ఏడు అంచనా. పార్కులకు కోటి రాసి పది లక్షలే ఖర్చుపెట్టి, మళ్లీ కోటి రాశారంటే ఆ కోటి కాగితం మీదే ఉంటుంది. తర్వాత ఆదాయం వైపు చూడండి. ఆస్తి పన్ను, ఖాళీ స్థలాల పన్ను, ఇళ్ల ప్లాన్ల ఫీజులు, నీటి చార్జీలు, ట్రేడ్ లైసెన్సులు, ఇవి సొంత ఆదాయం. మిగిలింది గ్రాంట్లు, అప్పులు. ఆదాయం అంచనా ఒక్కసారిగా పెరిగి కనిపిస్తే, ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుందని మీ కౌన్సిలర్‌తో సమావేశంలో అడిగించండి.

ఎప్పుడడిగినా "నిధుల్లేవు" అంటారు. నిజమేనా?

కొంత నిజం. జీతాలు, పారిశుధ్యం, కరెంటు బిల్లులు, పాత అప్పులు పోగా చేతిలో మిగిలేది తక్కువే. ఇంకో సంగతి, గ్రాంట్లలో చాలావాటిని ఇష్టమొచ్చిన పనికి వాడలేరు. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి మధ్యస్థ, చిన్న పట్టణాలకిచ్చిన నిధుల్లో 60 శాతం తాగునీరు, పారిశుధ్యం పనులకే కట్టేసింది. కాబట్టి కమ్యూనిటీ హాలు అడిగితే లేదనే అంటారు, అదే డబ్బులోంచి మోరీ, పైపులైను అడిగితే దారి ఉంటుంది. ఏ పద్దులో ఎంత మిగిలిందో సమాచార హక్కు కింద అడిగి తెలుసుకుని, ఆ పద్దుకు సరిపోయే పని అడగండి. తెలంగాణ 2019 మున్సిపల్ చట్టం పచ్చదనానికి బడ్జెట్‌లో 10 శాతం పక్కన పెట్టాలంటుంది. చెట్లు, పార్కు అడిగేవారు ఈ మాట అర్జీలో రాయాలి.

వార్డు కమిటీ అంటారు, మా వార్డులో ఎప్పుడూ చూడలేదే?

జనాభా 3 లక్షలు దాటిన పట్టణాల్లో వార్డు కమిటీలు ఉండాలని రాజ్యాంగమే చెబుతుంది. తెలంగాణ 2019 చట్టం ప్రకారం వార్డుకు నాలుగు కమిటీలు: యువత, మహిళలు, వయోవృద్ధులు, ప్రముఖ పౌరులు, ఒక్కోదానిలో 15 మంది. చాలాచోట్ల పేర్లు ఫైల్లోనే ఉంటాయి, ఆ పేర్లున్నవారికే ఆ సంగతి తెలియదు. మీ వార్డు కమిటీ సభ్యుల జాబితా, గత రెండేళ్ల సమావేశాల మినిట్స్ ఇవ్వమని అడగండి. ఆ ఒక్క దరఖాస్తుతోనే మొదటి సమావేశం జరిగిన వార్డులున్నాయి. ఆంధ్రలో వార్డు సచివాలయాలు అందుబాటులో ఉన్నాయి. అర్జీ ఇవ్వడానికి అవి దగ్గరి చోటు, కానీ అవి ఉద్యోగుల ఆఫీసులు, పౌరుల కమిటీకి బదులు కావు.

బడ్జెట్‌ను జనమే నిర్ణయించే ఊళ్లు ఎక్కడైనా ఉన్నాయా?

ఉన్నాయి. బ్రెజిల్‌లోని పోర్తో అలెగ్రె 1989లో మొదలుపెట్టింది. మనకు దగ్గర్లో పుణె, అక్కడ 2006 నుంచి పౌరులు ఫారాలు నింపి వార్డు ఆఫీసుల్లో పనులు సూచిస్తారు. కేరళ 1996లో ప్రజా ప్రణాళిక పేరుతో రాష్ట్ర ప్రణాళిక నిధుల్లో మూడో వంతుకు పైగా స్థానిక సంస్థల చేతికిచ్చింది, గ్రామసభల్లో జనం కూర్చుని పనులు ఎంచారు. మన పట్టణాల్లో దీన్ని మొదలుపెట్టడానికి కొత్త చట్టం అక్కర్లేదు. బడ్జెట్‌లో వార్డుకు ఇంత అని పక్కన పెట్టి, ఫారాలు తీసుకుంటామని కౌన్సిల్ ఒక్క తీర్మానం చేస్తే చాలు.

మా వీధిలో వేసిన రోడ్డు ఆరు నెలల్లో పగిలింది. ఏం చేయగలం?

పగిలాక కన్నా వేస్తున్నప్పుడే చూడటం సులువు. మా వీధిలో సీసీ రోడ్డు వేస్తున్న రోజు నేను, మరో ఇద్దరం స్టీలు టేపు పట్టుకుని నిలబడ్డాం. అంతకు ముందే ఎస్టిమేట్ కాపీ తెచ్చుకున్నాం, అందులో మందం 150 మిల్లీమీటర్లు. కాంక్రీటు పోసే ముందు పక్క చెక్కల ఎత్తు కొలిస్తే మూడుచోట్ల 110 దాటలేదు. టేపు కనబడేలా ఫొటోలు తీశాం. నెల తర్వాత సమాచార హక్కు కింద ఎం-బుక్ (చేసిన పని కొలతలు రాసే పుస్తకం) కాపీ తెప్పిస్తే, పొడవు, వెడల్పు సరిగ్గా ఉన్నాయి, లోతు దగ్గర మాత్రం 0.15 అని రాసి ఉంది. ఫొటోలు, ఎం-బుక్ పేజీ జతచేసి పై ఇంజనీరుకు ఇచ్చాం. రెండుచోట్ల రోడ్డుకు రంధ్రం వేసి చూశారు, చివరి బిల్లులో కోత పెట్టారు. మీరూ అడగాల్సిన కాగితాలు ఇవే: ఎస్టిమేట్, అగ్రిమెంట్, ఎం-బుక్, నాణ్యత పరీక్ష నివేదిక. రోడ్డు ఇప్పటికే పగిలి ఉంటే అగ్రిమెంట్‌లో కాంట్రాక్టర్ ఎంతకాలం బాగుచేసి ఇవ్వాలో రాసి ఉంటుంది. ఆ గడువు దాటకముందే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి.

సమాచార హక్కు దరఖాస్తు పెట్టాను. నెల దాటినా జవాబు లేదు.

దరఖాస్తు ఫీజు 10 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. రాకపోతే అదే ఆఫీసులో పై అధికారికి మొదటి అప్పీలు వేయండి, దానికి మీకు 30 రోజుల గడువు. అక్కడా తేలకపోతే 90 రోజుల్లో రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. ప్రశ్న "ఎందుకు చేయలేదు?" అని రాస్తే జవాబు దాటేసే వీలుంటుంది. "ఫలానా పని ఎం-బుక్ 1 నుంచి 10 పేజీల నకలు ఇవ్వగలరు" అని కాగితం పేరుపెట్టి అడగండి. అప్పుడు కాగితం ఇవ్వాలి, లేదా అది లేదని రాసివ్వాలి.